ఆత్మరక్షణ హక్కు, ఆయుధపు హద్దులు

"ఇంటి రక్షణ కోసం తుపాకీ ఉంచుకోవచ్చా?" అనే ప్రశ్న ఒకప్పుడు మన ఇళ్ళలో అరుదుగా వినబడేది. ఇప్పుడు అంత అరుదు కాదు. నగల దుకాణం నడిపే సోదరుడు అడుగుతాడు. ఊరికి దూరంగా తోటలో ఇల్లు కట్టుకున్నవాడు అడుగుతాడు. అల్లర్లు చూసిన బస్తీలలో పెద్దలు గొంతు తగ్గించి అడుగుతారు. అమెరికాలో డల్లాస్‌లోనో చికాగోలోనో స్థిరపడ్డ కొడుకు "అబ్బా, ఇక్కడ చాలామంది ఇళ్ళలో ఉంటుంది, నేనూ కొననా?" అని ఫోనులో తండ్రిని అడుగుతాడు.

అందరూ ఒక్క మాటలో జవాబు ఆశిస్తారు. ఒక్క మాటలో చెప్పాలంటే, ఆత్మరక్షణకు ఆయుధం పట్టడం ధర్మసమ్మతమే. కానీ ఆ ఒక్క మాట పట్టుకుని దుకాణానికి పరుగెత్తడానికి ముందు, షరీఅత్ ఆ అనుమతిని దేనికోసం ఇచ్చింది, ఏ మేరకు ఇచ్చింది అనేది మనం తెలుసుకోవాలి.

ఆత్మరక్షణ హక్కు

ఇస్లాం మనిషిని చేతులు కట్టుకుని దెబ్బలు తినమనలేదు. దివ్య ఖుర్ఆన్‌లోని అష్షూరా సూరా 39 నుంచి 43 వరకు గల ఆయత్‌లను చూడండి. దౌర్జన్యానికి గురైనప్పుడు తమను తాము కాపాడుకోవడం అక్కడ విశ్వాసుల లక్షణాలలో ఒకటిగా చెప్పబడింది. అలా చేసినవారిపై నింద లేదని కూడా చెప్పబడింది. దాని పక్కనే, కీడుకు బదులు అంతే కీడు అనే కొలత ఉంది. క్షమించి సర్దుకునేవారి ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉందనే శుభవార్త ఉంది. హక్కు, కొలత, క్షమాపణ ఒకేచోట రావడం గమనించదగ్గ విషయం.

సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ఉంది. ఒక వ్యక్తి దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, ఎవడైనా నా సొమ్ము లాక్కోవడానికి వస్తే ఏం చేయాలని అడిగాడు. ఇవ్వవద్దని ఆయన (స) చెప్పారు. వాడు నాతో పోరాడితే? నీవూ పోరాడు. నన్ను చంపేస్తే? నీవు షహీద్‌వి. నేనే వాణ్ణి చంపితే? వాడు నరకానికి పోతాడు. ఈ హదీసు భావం ఇదే. తన సొమ్మును, ప్రాణాన్ని, కుటుంబాన్ని, ధర్మాన్ని కాపాడుకుంటూ చనిపోయినవాడు షహీద్ అని హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) ఉల్లేఖించిన హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది.

మనలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. జుమా ప్రసంగాలలో వినబడేది కూడా చాలావరకు ఈ భాగమే. ఇదే విషయం మీద నసాయీ గ్రంథంలో మరో హదీసు ఉంది. దాన్ని ఇంతగా ఎవరూ చెప్పరు. అందులోనూ ఒక మనిషి వచ్చి సరిగ్గా ఇదే ప్రశ్న అడుగుతాడు. దైవప్రవక్త (స) మొదట, వాడికి అల్లాహ్‌ను గుర్తుచేయమంటారు. వినకపోతే? చుట్టుపక్కల ఉన్న ముస్లింల సహాయం కోరమంటారు. చుట్టూ ఎవరూ లేకపోతే? పాలకుని సహాయం కోరమంటారు. పాలకుడు దూరంగా ఉంటే? అప్పుడు పోరాడమంటారు. మూడు మెట్లు దాటిన తర్వాత నాలుగో మెట్టు మీద ఆయుధం ఉంది.

మెట్లు దాటకుండా తుపాకీ దాకా

ధర్మశాస్త్ర పండితులు ఈ మెట్ల క్రమాన్ని ఎంతో వివరంగా చర్చించారు. హిజ్రీ 620లో మరణించిన ఇమామ్ ఇబ్ను ఖుదామా తమ 'అల్ ముగ్నీ'లో చెప్పిన దాని సారాంశం ఇది. ఇంట్లోకి చొరబడినవాణ్ణి మొదట బయటికి పొమ్మనాలి. మాటతో పోయేవాణ్ణి కొట్టకూడదు. కర్రతో సరిపోయే చోట ఇనుము వాడకూడదు. వాడు వెనుదిరిగి పారిపోతే వెంటపడి చంపకూడదు. ఒక దెబ్బకు కదలలేని స్థితిలో పడిపోయినవాణ్ణి రెండో దెబ్బ కొట్టకూడదు. కొడితే ఆ రెండో దెబ్బకు బాధ్యత కొట్టినవాడిదే.

మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించేది హనఫీ మజ్‌హబ్. రాత్రిపూట సొత్తు ఎత్తుకుపోతున్న దొంగను వెంబడించి చంపినా తప్పులేదనే మాట హనఫీ గ్రంథాలలో ఉంది. కొందరు దాన్ని ఉత్సాహంగా ఎత్తిచూపుతారు కూడా. అక్కడే ఉన్న షరతును మాత్రం చదవరు. సొత్తు మరో మార్గంలో దక్కని పరిస్థితికే ఆ అనుమతి. కేక వేస్తే సొత్తు వదిలేసి పోతాడని తెలిసి కూడా చంపినవాడిపై ఖిసాస్ వర్తిస్తుందని అవే గ్రంథాలు చెబుతున్నాయి. ఒక్క కేక వేయనందుకు మరణశిక్ష! పోలీసు స్టేషన్లు, సీసీ కెమెరాలు, బీమా ఉన్న ఈ కాలంలో "మరో మార్గం లేదు" అని ఎంతమంది నిజాయితీగా అనగలరో వారే ఆలోచించుకోవాలి.

హిజ్రీ 676లో మరణించిన ఇమామ్ నవవీ ఇంకో అడుగు ముందుకు వేశారు. ప్రాణాల మీదికి వచ్చినవాడి నుంచి పారిపోయి తప్పించుకునే వీలుంటే పారిపోవడమే తప్పనిసరి అనీ, అప్పుడు పోరాడటం హరామ్ అనీ షాఫియీ మజ్‌హబ్ ప్రామాణిక అభిప్రాయంగా తమ 'మిన్‌హాజ్'లో రాశారు. వెన్ను చూపడం అవమానమనుకునే మన మగతనానికి ఇది మింగుడుపడే మాట కాదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ పండితుల కాలంలో చేతిలో కర్ర ఉండేది, కత్తి ఉండేది. కర్రతో మెల్లగానూ కొట్టవచ్చు, గట్టిగానూ కొట్టవచ్చు. కత్తిని ఒరలోనే ఉంచి చూపించవచ్చు. తుపాకీలో ఇలాంటి మెట్లు లేవు. "కాలి మీద కాలిస్తాను" అనుకోవడం సినిమాలలో చెల్లుతుంది. చీకట్లో, వణికే చేతులతో, కదిలే మనిషి మీద పేల్చిన తూటా ఎక్కడ తగులుతుందో పేల్చినవాడికే తెలియదు. తొడలోని పెద్ద రక్తనాళం తెగితే నిమిషాలలో ప్రాణం పోతుంది. కాబట్టి తుపాకీ పేల్చడమంటే చంపడానికి సిద్ధపడటమే. చంపడం ధర్మసమ్మతమయ్యే పరిస్థితి తప్ప మరే పరిస్థితిలోనూ ట్రిగ్గరు నొక్కే హక్కు విశ్వాసికి లేదు. ఈ నిర్ణయాన్ని రాత్రి రెండు గంటలకు చప్పుడు విన్నప్పుడు తీసుకోలేము. కొనడానికి ముందే తీసుకోవాలి.

చట్టం వదిలినంత మాత్రాన

మన దేశ చట్టం కూడా చాలావరకు ఈ దారిలోనే ఉంది. పాత భారత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లుగా అమలులోకి వచ్చాయి. ఎవరైనా తన శరీరాన్ని, ఇతరుల శరీరాన్ని, ఆస్తిని కాపాడుకోవచ్చు. అయితే ప్రభుత్వాధికారుల రక్షణ కోరేంత సమయం ఉన్నప్పుడు ఈ హక్కు లేదు. అవసరానికి మించి హాని చేసే హక్కు ఎప్పుడూ లేదు. ఇది 37వ సెక్షన్. ప్రాణభయం, తీవ్రగాయాల భయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటి సందర్భాలలోనే ఎదుటివాడి ప్రాణం పోయేదాకా ఈ హక్కు విస్తరిస్తుంది. ఆస్తి విషయంలో దోపిడీ, రాత్రివేళ ఇల్లు పగలగొట్టడం, నివాసానికి నిప్పు పెట్టడం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. పెరట్లో మామిడికాయలు కోసే కుర్రవాడు అందులో లేడు.

భూమి తగాదాలో తుపాకీ పేల్చి ఒకరి మృతికి కారణమైన దర్శన్ సింగ్ అనే వ్యక్తిని 2010లో సుప్రీంకోర్టు నిర్దోషిగా తేల్చింది. ప్రమాదం ఎదురైనప్పుడు పిరికివాడిలా పారిపోవాలని చట్టం ఆశించదని, ప్రతి దెబ్బనూ త్రాసులో తూచి కొట్టమనదని ఆ తీర్పు చెప్పింది. అయితే కింది కోర్టు వదిలేస్తే హైకోర్టు శిక్ష వేసింది. చివరికి సుప్రీంకోర్టు విడిపించింది. నిర్దోషి అయినవాడికి కూడా ఇన్ని మెట్లు తప్పలేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు మరో పరిస్థితి. అక్కడ ఫ్లోరిడా 2005లో చేసిన చట్టం తర్వాత అనేక రాష్ట్రాలలో, తప్పించుకునే దారి ఉన్నా వెనుకంజ వేయనక్కరలేదన్న నియమం వచ్చింది. ఇమామ్ నవవీ మాటను దీని పక్కన పెట్టి చూడండి. చట్టం ఇచ్చే అనుమతి మనల్ని జైలు నుంచి కాపాడుతుంది, అంతవరకే.

1992 అక్టోబరులో లూసియానా రాష్ట్రంలోని బాటన్ రూజ్ నగరంలో జరిగిన ఘటన చూద్దాం. జపాన్ నుంచి చదువుకోవడానికి వచ్చిన 16 ఏళ్ళ బాలుడు, తాను ఉంటున్న ఇంటి అబ్బాయితో కలసి ఒక విందుకు బయలుదేరి, పొరపాటున వేరే ఇంటి గంట మోగించాడు. తలుపు తీసిన గృహిణి భయపడి భర్తను తుపాకీ తెమ్మంది. అతను ఆగమని ఇంగ్లీషులో అరిచాడు. బాలుడికి ఆ మాట అర్థం కాలేదు. విందుకు వచ్చామని చెప్పబోతూ ముందుకు నడిచాడు. ఒక్క తూటాకు చనిపోయాడు. 1993లో క్రిమినల్ కోర్టు ఇంటి యజమానిని నిర్దోషిగా వదిలేసింది. 1994లో సివిల్ కోర్టు మాత్రం బాధ్యుడిగా తేల్చి, ఆ బాలుడి తల్లిదండ్రులకు ఆరున్నర లక్షల డాలర్లకు పైగా చెల్లించమంది. తలుపు మూసి, గడియ పెట్టి, పోలీసులకు ఫోను చేసి ఉంటే ఆ బాలుడు బతికేవాడు.

ఆ రాత్రి మదీనాలో

భయం వేసినప్పుడు ఎలా నడుచుకోవాలో మనకు ఆదర్శం ఉంది. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఇలా ఉంది. ఒక రాత్రి ఏదో శబ్దం విని మదీనా ప్రజలు భయపడిపోయారు. శబ్దం వచ్చిన వైపు బయలుదేరారు. అప్పటికే దైవప్రవక్త (స) అందరికన్నా ముందుగా వెళ్ళి, చూసి, తిరిగి వస్తూ వారికి ఎదురయ్యారు. హజ్రత్ అబూ తల్హా (రజి) గుర్రం మీద, జీను కూడా లేకుండా ఉన్నారు. మెడలో ఖడ్గం వేలాడుతోంది. భయపడవద్దని వారికి ధైర్యం చెప్పారు. ఖడ్గం వెంట ఉంది, కానీ మెడలో ఉంది. మొదట చూశారు, తెలుసుకున్నారు. ప్రమాదం లేదని తేలాక ప్రజలను శాంతింపజేశారు.

మరో సంఘటన హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. నజ్ద్ వైపు ప్రయాణం నుంచి తిరిగివస్తూ దైవప్రవక్త (స) చెట్టుకు ఖడ్గం తగిలించి దాని నీడన నిద్రించారు. ఒక పల్లెవాసి వచ్చి ఆ ఖడ్గాన్నే దూసి, ఇప్పుడు నిన్ను నా నుంచి ఎవరు కాపాడతారన్నాడు. అల్లాహ్ అని ఆయన (స) జవాబిచ్చారు. ప్రమాదం గడిచిపోయింది. ఆ మనిషి ఆయన ముందే కూర్చుని ఉన్నాడు. సహచరులు పిలుపు విని వచ్చారు. అయినా ఆయన (స) అతన్ని శిక్షించలేదు. ప్రాణం తీయవచ్చినవాడు చేతికి చిక్కిన తర్వాత జరిగిన సంగతి ఇది. ఆత్మరక్షణ ప్రమాదంతోనే ముగుస్తుంది. ఆ తర్వాత కొట్టే దెబ్బ పగ కిందికి వస్తుంది. న్యాయ సంహిత 40వ సెక్షన్ కూడా ప్రమాద భయం ఉన్నంతసేపే శరీర రక్షణ హక్కు కొనసాగుతుందంటోంది.

కోపం చేతిలో లైసెన్సు

దొంగల కోసం కొన్న తుపాకీ ఎక్కువగా దొంగల మీద పేలదు. 2020 డిసెంబరులో ఆదిలాబాద్‌లో క్రికెట్ ఆట దగ్గర మొదలైన గొడవ పెద్దదై, ఒక స్థానిక నాయకుడు ప్రత్యర్థులపై కాల్పులు జరిపాడు. ముగ్గురు గాయపడ్డారు. వారిలో ఒకరు చికిత్స పొందుతూ కన్నుమూశారు. 2022 జనవరిలో న్యాయస్థానం అతనికి జీవిత ఖైదు విధించింది. రెండు వైపులా కలిమా చదివేవారే. క్రికెట్ ఆట!

కోపంగా ఉన్నప్పుడు న్యాయమూర్తి తీర్పు చెప్పరాదని దైవప్రవక్త (స) నిషేధించారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. సాక్షులను విని, నింపాదిగా తీర్పు చెప్పే ఖాజీకే ఈ ఆంక్ష. తుపాకీ పట్టినవాడు ఒక్క క్షణంలో తానే సాక్షి, తానే ఖాజీ, తానే తలారి అవుతాడు. ముక్కు మీద కోపం ఉన్నవాడు, తాగుడు అలవాటు ఉన్నవాడు (అల్లాహ్ కాపాడుగాక) ఉన్న ఇంట్లోకి ఆయుధం రాకూడదని మేము స్పష్టంగా చెబుతున్నాము. దాయాదులతో గోడ తగాదా నడుస్తున్న ఇంట్లోకి కూడా రాకూడదు. మనోవేదనతో కుంగిపోతున్నవారు ఉన్న ఇంట్లోకి అసలే రాకూడదు. అమెరికాలో 2021లో తుపాకుల వల్ల 48 వేలకు పైగా మరణిస్తే, వారిలో 26 వేలకు పైగా ఆత్మహత్యలు చేసుకున్నవారే. దొంగను ఆపడానికి తెచ్చింది ఇంటి బిడ్డ ప్రాణం తీయవచ్చు.

అల్లర్ల భయం గురించి కూడా చెప్పాలి. ఆ భయం కల్పితం కాదు. కానీ లైసెన్సు లేని నాటు తుపాకీ దాచడం రక్షణ కాదు. అది దొరికిన రోజు ఇంటివారితో పాటు బస్తీ మొత్తం దోషిగా నిలబడుతుంది. పైగా షరీఅత్ దృష్టిలో రక్షణ హక్కు మనవాడికి మాత్రమే పరిమితం కాదు. పొరుగున ఉన్న హిందూ సోదరుడి ప్రాణం మీదికి ముస్లిం వచ్చినా ఆ ముస్లిం చేయి పట్టి ఆపవలసిందే. అన్యాయం చేసే సోదరుడికి సహాయపడటమంటే అతన్ని అన్యాయం నుంచి ఆపడమేనని దైవప్రవక్త (స) వివరించారు.

ఉంచుకునేవారికి

ఇంత విన్నాక కూడా నిజమైన అవసరం ఉన్నవారు ఉంటారు. వారు ఆయుధ చట్టం, 1959 ప్రకారం లైసెన్సు తీసుకోవాలి. జిల్లాలో కలెక్టరు, కమిషనరేట్ పరిధిలో పోలీసు కమిషనరు లైసెన్సు ఇస్తారు. పోలీసు విచారణ జరుగుతుంది. 21 ఏళ్ళు నిండనివారికి ఇవ్వరు. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు 5 ఏళ్ళు. ఒక వ్యక్తి రెండింటికి మించి ఉంచుకోకూడదు. ఎన్నికల సమయంలో అధికారులు అడిగితే అప్పగించాలి.

ఇక చేతిలో పట్టే పద్ధతి. బుఖారీ, ముస్లింలలోని హదీసు ప్రకారం సోదరుడి వైపు ఆయుధం గురిపెట్టకూడదు. షైతాన్ చేతి నుంచి లాగించి నరకపు గుంటలో పడవేయవచ్చు. సొంత అన్నదమ్ముడి వైపైనా సరే, ఇనుప ఆయుధం చూపినవాడిని దించేవరకు దైవదూతలు శపిస్తారని ముస్లిం గ్రంథంలో ఉంది. మస్జిద్‌లో, బజారులో బాణాలతో నడిచేవారు వాటి మొనలను చేత్తో పట్టుకోవాలన్నారు. ఒర లేని కత్తిని చేతికి అందివ్వవద్దన్నారు. నేటి శిక్షకులు నేర్పేది కూడా ఇదే. ప్రతి తుపాకీనీ తూటాలు ఉన్నదానిలాగే భావించాలి. గొట్టం ఎప్పుడూ మనుషుల వైపు ఉండకూడదు. పేల్చే నిర్ణయం అయ్యేవరకు వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు. గురి వెనుక ఏముందో తెలియాలి. అమెరికా ఇళ్ళలో గదుల మధ్య గోడలు జిప్సం పలకలవే. తూటా వాటిని దాటి పక్కగదిలో నిద్రిస్తున్న బిడ్డను చేరగలదు.

తుపాకీని తాళం వేసిన పెట్టెలో, తూటాలను వేరే తాళంలో ఉంచాలి. పరుపు కింద, అల్మారా పైన పెట్టి "పిల్లలకు తెలియదు" అనుకోవద్దు. పిల్లలకు అన్నీ తెలుసు.

నిద్రిస్తున్న సహచరుడి తాడును సరదాకు తీసి అతన్ని ఉలిక్కిపడేలా చేసినందుకే, ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) అన్నారు. ఇది అబూ దావూద్‌లో ఉంది. మరి బరాత్‌లో గాలిలోకి కాల్చడం, తుపాకీతో ఫొటో దిగి అందరికీ పంపడం ఏ కోవలోకి వస్తాయి? వేడుకల్లో నిర్లక్ష్యంగా కాల్చేవారికి 2019 సవరణ రెండేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ నిర్ణయించింది.

ప్రమాదం వచ్చిన రాత్రి నసాయీ హదీసులోని క్రమాన్నే పాటించండి. లైట్లు వేయండి, బిగ్గరగా హెచ్చరించండి. ఇంట్లోవారిని ఒకే గదిలోకి చేర్చి గడియ వేయండి. పొరుగువారిని పిలవండి. ఇక్కడైతే 100 లేదా 112, అమెరికాలో 911 నొక్కండి. చప్పుడు చేసింది మీ సొంత కొడుకో, మతి స్థిమితం లేని బాటసారో కాదని రూఢి చేసుకోండి. సొమ్ము కోసం పోరాడటం అనుమతి మాత్రమే, విధి కాదని అత్యధిక పండితుల అభిప్రాయం. గొలుసు ఇచ్చేసి ప్రాణాలు దక్కించుకున్నవాడు పిరికివాడు కాడు. ఇంటిల్లిపాది మానప్రాణాల విషయం వేరు. అక్కడ మరో దారి లేకపోతే ఎదుర్కోవాల్సిందే.

ఆ తర్వాత ఆయుధం కింద పెట్టి, గాయపడినవాడు దొంగే అయినా అంబులెన్సు పిలవాలి, పోలీసులకు జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఇంట్లోకి వచ్చాడు కాబట్టి చంపానన్న మాటకు సాక్ష్యం కావాలని అల్ ముగ్నీ కూడా అంటుంది. నిజమైన ఆత్మరక్షణలో దాడిచేసినవాడు చనిపోతే దియత్ గానీ కఫ్ఫారా గానీ లేవు. కానీ దొంగ అనుకుని అమాయకుణ్ణి చంపితే అన్నిసా సూరా 92వ ఆయత్ వర్తిస్తుంది. వారసులు మాఫీ చేస్తే తప్ప వారికి రక్తపరిహారం చెల్లించాలి. బానిస విముక్తికి అవకాశం లేని ఈ కాలంలో, రెండు నెలలు ఎడతెగకుండా ఉపవాసాలు పాటించాలి. కారణం లేకుండా మధ్యలో ఒక్కరోజు వదిలినా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. కోర్టు నిర్దోషి అని వదిలినవాడికీ ఇది తప్పదు.